యంత్రాల మర్మమెరిగిన జి.డి. నాయుడు

తెలుగువారి ప్రతిభ తెలుగునేలకే పరిమితం కాలేదు. శతాబ్దాల క్రితం దక్షిణాదికి తరలివెళ్ళిన అనేక తెలుగు కుటుంబాలు తమిళనాట నల్లరేగడి నేలల్లో స్థిరపడి పత్తిని పండించాయి. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల రైతుకు అన్నం పెట్టే ఆ పంటే కోయంబత్తూరు రైతుకూ జీవనాధారమైంది. అటువంటి ఒక తెలుగు రైతు కుటుంబంలో, కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. జి.డి. నాయుడుగా ఆయన లోకప్రసిద్ధులు.

బాల్యంలో ఆయనకు బడి రుచించలేదు. చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది. యువకుడైన నాయుడు ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును చూశారు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా పరుగెత్తే ఆ బండి ఆయన మనస్సును హరించింది. దానిని కొనాలనే పట్టుదలతో కోయంబత్తూరులో హోటలు సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి, 300 రూపాయలకు ఆ బండిని సొంతం చేసుకున్నారు. కొన్నది ఊరేగడానికి కాదు. దాన్ని విప్పి, ఒక్కొక్క భాగాన్ని పరిశీలించి, తిరిగి బిగించి యంత్ర రహస్యాన్ని గ్రహించారు.

ఆ పని ఎంత కఠినమైనదో తెలియాలంటే పెట్రోలు ఇంజను స్వభావం కొంత తెలియాలి. సిలిండరులో పిస్టన్ పైకి వచ్చి పెట్రోలు ఆవిరిని, గాలిని నొక్కుతుంది. అది పై అంచును చేరడానికి కొద్దిగా ముందే స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వను విడవాలి. నిమిషానికి 3000 సార్లు తిరిగే ఇంజనులో పిస్టన్ కింది నుండి పైకి రావడానికి పట్టే కాలం సెకనులో నూరవ వంతు మాత్రమే. ఆ లిప్తపాటులో రవ్వ మరీ ముందు పడితే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. ఆలస్యంగా పడితే లాగే శక్తి తగ్గి, ఇంజను వేడెక్కుతుంది. దీనినే ఇగ్నిషన్ టైమింగ్ అంటారు. అన్ని భాగాలూ సరిగా బిగించినా, టైమింగ్ పళ్ళచక్రం ఒక పన్ను తప్పితే చాలు, బండి సరిగా నడవదు.

ఆ రోజుల్లో రవ్వను ముందుకు, వెనుకకు జరపడానికి అనేక బండ్లలో చేతిమీట ఉండేది. మీటను వెనుకకు తీయకుండా హ్యాండిల్ తిప్పితే, ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరిగిన సందర్భాలుండేవి. తరువాతి కాలపు అంబాసిడర్ వంటి కార్లలో పాయింట్లు అరిగి, వాటి మధ్య సందు తగ్గితే, రవ్వ ఆలస్యమవుతుంది. అందుకే అనుభవజ్ఞుడైన మెకానిక్ మొదట ప్లగ్గును, తరువాత పాయింట్ల సందును సరిచేసి, ఆ పిమ్మటనే డిస్ట్రిబ్యూటరును తిప్పుతాడు. ఆ క్రమం తప్పితే చేసిన పని వృథా అవుతుంది.

నాయుడు జీవితంలోనూ ఒడుదొడుకులు లేకపోలేదు. పత్తి వ్యాపారంలో దిగి నష్టపోయారు. అయినా కుంగిపోలేదు. స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త చేయూతతో 1920లో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి, పళని పట్టణాల మధ్య తామే స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థకు నాంది అయింది.

ఆయన దృష్టి బస్సులతో ఆగలేదు. బ్యాటరీతో నడిచే క్షవర యంత్రాన్ని రూపొందించి జర్మనీలో తయారు చేయించారు. సామాన్యునికి అందేలా 70 రూపాయలకే రేడియోను తయారు చేయవచ్చునని 1941లో ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2000 రూపాయలకు అందించడానికి సిద్ధపడ్డారు. కాని ప్రభుత్వ అనుమతి లభించకపోవడంతో ఆ ప్రయత్నం ఫలించలేదు. సరైన క్షణంలో పడవలసిన రవ్వ పడకపోతే ఎంతటి ఇంజనైనా నిలిచిపోతుంది. ప్రజ్ఞకు అవకాశం తోడు కాని దేశం స్థితీ అంతే.

విద్య విషయంలో ఆయన అభిప్రాయాలు నిష్కర్షగా ఉండేవి. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు వెలయడానికి ఆయన కారకులయ్యారు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు అదే మూలం. చేతితో పనిచేస్తూ నేర్చుకుంటే ఇంజనీరింగుకు అన్నేళ్ళ చదువు అక్కరలేదని ఆయన వాదించారు. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. ఆయన తమ అభిప్రాయాన్ని వదులుకోక పదవినే వదులుకున్నారు.

1974 జనవరి 4న నాయుడు కన్నుమూశారు. ఆయన పేరిట ఏర్పడిన ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో పాతకార్ల ప్రదర్శనశాలను ప్రారంభించింది.

చెవితో ఇంజను ధ్వనిని విని లోపం పసిగట్టే పనివారు ఒంగోలు వంటి పట్టణాల షెడ్డులలో నేటికీ ఉన్నారు. వారి చేతుల్లో పట్టాలు లేకపోవచ్చు, విద్య ఉంది. పుస్తకాన్ని కాదనక, పనిముట్టును చిన్నచూపు చూడక, రెండింటినీ జోడించిననాడే చదువు సార్థకమవుతుందని నాయుడు జీవితం మనకు తెలియజేస్తుంది.