పట్టా చేతికొచ్చేసరికి...

ఆగస్టు, సెప్టెంబరు నెలలు వస్తే మన ఇళ్లలో సూట్‌కేసులు సర్దే హడావుడి మొదలవుతుంది. ఎంబీబీఎస్‌ కోసం జార్జియాకో, కిర్గిజ్‌స్థాన్‌కో, రష్యాకో వెళ్లే పిల్లలవి. ఆవకాయ, కందిపొడి, చిన్న కుక్కరు, రెండు స్వెటర్లు. బరువు ఎక్కువైతే ముందు బయటికి తీసేది స్వెటరే కానీ ఆవకాయ కాదు. అక్కడి తిండి పడుతుందా, చలికి తట్టుకుంటారా అన్న దిగులు అమ్మానాన్నలది. ఏం కాదులే అన్న ధీమా పిల్లలది.

1883 ఏప్రిల్‌ 7న కలకత్తాలో అమెరికా వెళ్లే ఓడెక్కిన అమ్మాయికీ సరిగ్గా ఆ వయసే, పద్దెనిమిదేళ్లు. పేరు ఆనందీబాయి జోషి. అమెరికాలో వైద్యవిద్య పూర్తిచేసిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు పిల్లల పుస్తకాల్లో ఒక వాక్యంగా ఉంటుంది. డాక్టరయిన ఏడాదిలోపే ఆమె చనిపోయారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అసలు పేరు యమున. మహారాష్ట్రలోని కల్యాణ్‌కు చెందిన కుటుంబం. 1865 మార్చి 31న పుట్టారు. తొమ్మిదేళ్లకే పెళ్లి చేశారు. వరుడు గోపాలరావు జోషి తపాలా శాఖలో గుమస్తా. మొదటి భార్య పోయింది. ఆమెకంటే ఇరవై ఏళ్ల దాకా పెద్ద. పెళ్లయ్యాక యమునకు ఆనంది అని పేరు మార్చారు. ఆడవాళ్లు చదివితీరాలన్న పట్టుదల ఆయనది. ఆ పట్టుదలతోనే చిన్నపిల్ల మీద చెయ్యి చేసుకునేవారు కూడా. ఆయన లేకపోతే ఆనంది డాక్టరయ్యేవారు కాదు, నిజమే. అయినా ఆ దెబ్బల్ని చదువు ఖాతాలో వేసి మర్చిపోవడం నాకు చేతకాదు.

పద్నాలుగేళ్లకు ఆమెకు కొడుకు పుట్టాడు. సరైన వైద్యం అందక పది రోజులకే పోయాడు. తాను డాక్టరు కావాలన్న నిర్ణయం ఆ దుఃఖంలోంచే పుట్టింది. ఆరోగ్యం సంగతికొస్తే, లెక్క అప్పటినుంచే మొదలుపెట్టాలి. ఎముకలు ఇంకా ఎదిగే వయసులో గర్భం వస్తే ఒంట్లో ఉన్న కొద్దిపాటి ఇనుము, క్యాల్షియం తల్లీబిడ్డా పంచుకోవాల్సి వస్తుంది. అలా పోయిన బలం మంచి తిండి, విశ్రాంతి ఉంటే తప్ప తిరిగి రాదు. ఆనందికి ఆ రెండూ కుదిరినట్టు కనిపించదు. భర్త ఉద్యోగం బదిలీల మీద బదిలీలు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ, చదువుకుంటున్న ఆడపిల్ల అని వేలెత్తి చూపడాలు.

కలకత్తా చేరాక ఆరోగ్యం బాగా దెబ్బతింది. నీరసం, ఎడతెగని తలనొప్పి, వచ్చిపోయే జ్వరం, అప్పుడప్పుడూ ఆయాసం. అమెరికాలోని న్యూజెర్సీ నుంచి థియోడీషియా కార్పెంటర్‌ అనే ఆవిడ మందులు పంపేవారు. ఆనంది చదువు గురించి గోపాలరావు ఒక మిషనరీకి రాసిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నప్పుడు ఆవిడ కంట అది పడింది. ముక్కూమొహం తెలియని ఆ పరిచయమే ఆత్మబంధువుగా మారింది. అయితే పంపిన మందులు పనిచేయలేదు. ఒంట్లో బాగాలేకపోయినా ఒంటరిగానే వెళ్లాలని గోపాలరావు నిర్ణయించారు. వెళ్లేముందు సేరంపూర్‌ కాలేజీలో జరిగిన సభలో, హిందువుగానే వెళ్లి హిందువుగానే తిరిగొస్తానని ఆనంది అందరి ముందూ చెప్పారు. ఆ మాట ఆమె తినే తిండినీ కట్టే బట్టనూ కూడా కట్టిపడేసింది.

జూన్‌ 4న న్యూయార్క్‌లో దిగారు. కొన్నాళ్లు కార్పెంటర్‌ ఇంట్లో ఉండి, ఆ ఏడాదే ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. ఆడవాళ్లకు వైద్యం నేర్పడానికే 1850లో పెట్టిన కాలేజీ అది. డీన్‌ రేచల్‌ బాడ్లీ ఆమెను ఆప్యాయంగా చేర్చుకున్నారు. కోర్సు మూడేళ్లు.

ఆ మూడేళ్ల చలి, తిండి ఆమె ఒంటికి సరిపడలేదు. ఆనంది మాంసం ముట్టలేదు. శాకాహారం తప్పని కాదు, మనలో ఎంతోమంది దానిమీదే నిక్షేపంగా ఉన్నాం. కానీ మన శాకాహారానికి బలం పప్పులో, పెరుగులో, పప్పు ధాన్యాల కలయికలో ఉంది. అవి పక్కాగా దొరకని ఊళ్లో మాంసం మాత్రమే తీసేస్తే కంచంలో మిగిలేది రొట్టె, ఉడికించిన కూర. ఇనుము, ప్రొటీన్‌, బి12 మూడూ తగ్గిపోతాయి. విటమిన్లనే మాటే పుట్టని కాలం కాబట్టి ఈ సంగతి ఆమె పాఠాల్లోనూ లేదు. ఆమెకు ఇచ్చిన గదిలో కుంపటి గూడు సరిగా ఉండేది కాదని, వెలిగిస్తే పొగ, ఆర్పితే చలి అని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. పిక్కలు కనిపించే తొమ్మిది గజాల చీర ఆ మంచులో పనికిరాక, కాళ్లు కప్పే గుజరాతీ కట్టుకు మారారట. భర్తకు ఆ మార్పు ఎలా చెప్పాలన్నది మరో బెంగ.

1885 అక్టోబరులో తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. జపాన్‌ నుంచి వచ్చిన కెయ్‌ ఒకామి, సిరియా నుంచి వచ్చిన సబాత్‌ ఇస్లాంబూలీతో కలిసి ఆనంది తమ తమ దేశాల దుస్తుల్లో కూర్చున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. అప్పటికి పట్టాకు ఇంకా ఐదు నెలలే.

ఆమెను పట్టుకున్నది క్షయ. ఈ జబ్బుకు కారణమైన బ్యాక్టీరియాను రాబర్ట్‌ కాక్‌ ప్రకటించింది 1882లో, అంటే ఆమె ఓడెక్కడానికి ఏడాది ముందే. ఎక్స్‌రే రావడానికి ఇంకా పుష్కరకాలం ఉంది. దీనిమీద గట్టిగా పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ దొరికింది 1943లో. క్షయ క్రిమి ఒంట్లో చేరినా ఏళ్ల తరబడి నిద్రలోనే ఉండగలదు. తిండి తగ్గి, ఒళ్లు చిక్కితే నిద్రలేస్తుంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లల్లోని వారికి పోషకాహారం ఇచ్చి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. వాళ్లలో కొత్తగా జబ్బు పడేవారు దాదాపు 40 శాతం తగ్గారు. మందు కాదు, తిండి చేసిన పని అది.

ఈనాటి వైద్య, నర్సింగ్‌ విద్యార్థులకు ఈ కథ దూరపుది కాదు. వార్డుల్లో తిరిగేవారికి టీబీ సోకే ముప్పు మిగతావారికంటే ఎక్కువ. దానికి తోడు పొద్దున టిఫిన్‌ ఎగ్గొట్టి టీ, బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నెట్టుకురావడం, పరీక్షలప్పుడు నాలుగు గంటల నిద్ర, నైట్‌ డ్యూటీ తర్వాత హాస్టల్‌ మెస్‌ మూసేసి ఉండటం. దగ్గు వస్తే తమకు తామే ఏదో యాంటీబయాటిక్‌ రాసుకోవడం. రోగికైతే రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష రాస్తారు, తమ దగ్గును మాత్రం ఏసీ గది మీదో, దుమ్ము మీదో తోసేస్తారు. ఫోన్‌లో పిల్లలు బాగున్నా అంటే మనమూ సరే అంటాం. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా, నిరుటి బట్టలు వదులయ్యాయా అని విడమరిచి అడిగితే జవాబు వేరేగా రావచ్చు. తొందరగా గుర్తిస్తే మామూలు టీబీ ఆరు నెలల మందులతో నయమవుతుంది. ఆనందికి లేని అవకాశం ఇది.

ఆమె చదువు ఆపలేదు. హిందువుల్లో ప్రసూతి పద్ధతుల మీద సిద్ధాంత వ్యాసం రాసి, 1886 మార్చి 11న ఎం.డి. పట్టా అందుకున్నారు. బంధువైన పండిత రమాబాయి ఇంగ్లండ్‌ నుంచి ఆ వేడుకకు వెళ్లారు. అంతకుముందే అమెరికా చేరుకున్న గోపాలరావు కూడా అక్కడే ఉన్నారు. కొల్హాపూర్‌ సంస్థానం ఆల్బర్ట్‌ ఎడ్వర్డ్‌ ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డు బాధ్యత ఆమెకు అప్పగించింది.

ఆ ఏడాది చివర్లో భార్యాభర్తలు తిరిగొచ్చారు. ఘనంగా స్వాగతం పలికారు. వెలివేస్తామన్న ఊళ్లే హారతులు పట్టాయి. అప్పటికే ఆమె లేచి తిరిగే స్థితిలో లేరు. కొల్హాపూర్‌ వార్డులో ఒక్కరోజు కూడా పనిచేయకుండానే 1887 ఫిబ్రవరి 26న పుణెలో కన్నుమూశారు. ఇరవై రెండేళ్లు నిండడానికి ఇంకా నెల ఉంది.

ఆమె అస్థికలను గోపాలరావు అమెరికాలో ఉన్న థియోడీషియా కార్పెంటర్‌కు పంపారు. ఆవిడ వాటిని న్యూయార్క్‌ రాష్ట్రంలోని పకీప్సీలో, తమ కుటుంబ శ్మశానంలో తనవాళ్ల పక్కన ఉంచారు.