భూమి వంపును నేలమీదే కొలిచిన విలియం లాంబ్టన్

శ్రీవిజయపురం (మిడిల్ పాయింట్): భూమి బల్లపరుపుగా ఉందని, అంతరిక్ష సంస్థలు చూపే చిత్రాలన్నీ కల్పితాలని, దేశాలన్నీ కూడబలుక్కుని నిజాన్ని దాస్తున్నాయని నమ్మేవారు నేటికీ ఉన్నారు. ఉపగ్రహాలనే నమ్మని వారికి ఉపగ్రహ చిత్రం చూపి ప్రయోజనం లేదు. అయితే శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగరడానికి సుమారు ఒకటిన్నర శతాబ్దం ముందే, గొలుసు, దుర్భిణి, నక్షత్రాల సాయంతో దక్షిణ భారతంలో భూమి వంపును కొలిచిన వ్యక్తి ఉన్నారు. ఆయన కర్నల్ విలియం లాంబ్టన్. ఆయన చివరి సంవత్సరాల కృషికి హైదరాబాదే కేంద్రం.

18వ శతాబ్దం మధ్యకాలంలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో లాంబ్టన్ జన్మించారు. గణితంపై మక్కువ ఉన్నా బతుకుతెరువు కోసం సైన్యంలో చేరి, కొంతకాలం ఉత్తర అమెరికాలో పనిచేసి, ఆ శతాబ్దం చివర భారత్‌కు వచ్చారు. 1799 మైసూరు యుద్ధంలో ఒక రాత్రి తమ దళం దారితప్పి టిప్పు శిబిరం వైపే సాగుతోందని నక్షత్రాలను చూసి గుర్తించి, సేనాధిపతిని హెచ్చరించారని ప్రసిద్ధి.

యుద్ధం ముగిశాక ద్వీపకల్పాన్ని త్రిభుజాల వలగా కొలవాలని ఆయన ప్రతిపాదించారు. ఇది వృథా ఖర్చని మద్రాసు ప్రభుత్వంలో కొందరు ఆక్షేపించినా, ఆర్థర్ వెల్లెస్లీ మద్దతుతో అనుమతి లభించింది. 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖ కొలత మొదలైంది.

పద్ధతి సరళమే. ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే త్రిభుజంలోని మిగతా భుజాలను లెక్కించవచ్చు. వాటిపై మరో త్రిభుజం, దానిపై ఇంకొకటి నిలబెడుతూ పోవచ్చు. బల్లపరుపు నేలపై త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీలకు మించకూడదు. గోళంపై మాత్రం కొద్దిగా మించుతుంది. ఒక్కో భుజం 50 కిలోమీటర్లున్న సమబాహు త్రిభుజంలో ఆ అదనం సుమారు ఐదున్నర సెకన్లు. సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. అంత సూక్ష్మమైన తేడానూ లాంబ్టన్ తన గణనలో చేర్చవలసి వచ్చింది.

రెండో సాక్ష్యం ఆకాశంలో ఉంది. అండమాన్‌లోని మిడిల్ పాయింట్ నుంచి ధ్రువనక్షత్రం దిగంతానికి సుమారు 12 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కన్యాకుమారి వద్ద 8, బీదరు ప్రాంతంలో 18, ఢిల్లీలో 28 డిగ్రీలు దాటుతుంది. ఉత్తరంగా ప్రతి 110 కిలోమీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున పెరిగే ఈ క్రమం వంపు ఉన్న నేలపైనే సాధ్యం. భూగోళమన్న మన మాటలోనే గోళం ఉంది. ఆ గోళం పరిమాణమెంత, ధ్రువాల వద్ద ఎంత అణగి ఉంది అన్నవే లాంబ్టన్ ముందున్న ప్రశ్నలు.

ఆయన వాడిన థియోడలైట్ బరువు దాదాపు అర టన్ను. ఇంగ్లండ్ నుంచి వస్తున్నప్పుడు ఫ్రెంచివారి చేతికి చిక్కి, మారిషస్ నుంచి తిరిగి చేరిన పరికరమది. 1808లో తంజావూరు ఆలయ గోపురంపైకి ఎత్తుతుండగా తాడు తెగి గోడకు ఢీకొని వంకరపోయింది. లాంబ్టన్ దాన్ని విడదీసి, దాదాపు ఆరు వారాలు శ్రమించి మళ్లీ పనికి సిద్ధం చేశారు. కొన్ని కొలతలు లెక్కకు పొసగనప్పుడు వాటిని దాచలేదు. భూగర్భంలోని బరువైన రాయి లంబసూత్రాన్ని పక్కకు లాగుతుండవచ్చని అనుమానించి, రేఖను ఇంకా పొడిగించారు.

ప్రజల్లో అనుమానాలు తలెత్తాయి. జెండాల్లో మంత్రశక్తి ఉందని కొందరు, దుర్భిణి అంతఃపురాల్లోకి తొంగిచూస్తుందని మరికొందరు భయపడ్డారు. పరాయి పాలకులు నేలను ఊరికే కొలవరన్న శంక నిరాధారం కాదు, పటాలు సామ్రాజ్యానికి ఆయుధాలయ్యాయి. అయితే కొలిచేవారి ఉద్దేశాన్ని శంకించడం వేరు, కొలతను కాదనడం వేరు. అవే నక్షత్రాలను ఎవరైనా చూడవచ్చు, అవే కోణాలను ఎవరైనా కొలవవచ్చు.

1815 నాటికి కన్యాకుమారి సమీపం నుంచి బీదరు దగ్గరి దామరగిద్ద వరకు సుమారు 10 డిగ్రీల రేఖ పూర్తయింది. 1818లో ఈ సర్వేకు గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అన్న పేరు వచ్చింది. సహాయకుడిగా వచ్చిన జార్జి ఎవరెస్ట్‌ను కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో జ్వరం మంచాన పడేసింది.

లాంబ్టన్ మరణానంతరం 1870లో ఇంగ్లండ్‌లో జాన్ హాంప్డెన్ భూమి బల్లపరుపేనంటూ 500 పౌండ్ల పందెం కాశారు. ఒకప్పుడు భూమి సర్వేయరుగా పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఒక కాలువపై సుమారు 10 కిలోమీటర్ల మేర వంపును చూపించి నెగ్గారు. హాంప్డెన్ ఓటమిని అంగీకరించక, ఏళ్ల తరబడి ఆయనను దూషిస్తూ జైలుకు సైతం వెళ్లారు. రుజువు చూపినంత మాత్రాన నమ్మకం మారదని వాలెస్‌కు అర్థమైంది.

లాంబ్టన్ ఎవరితోనూ పందెం కాయలేదు. సుమారు 20 ఏళ్లు కొలుస్తూనే గడిపారు. సర్వే కేంద్రాన్ని హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు తరలిస్తుండగా 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడే ఉంది. ఆయన ఆరంభించిన రేఖను ఎవరెస్ట్ హిమాలయ పాదాల వరకు తీసుకెళ్లారు. ఆ త్రిభుజాల ఆధారంగానే ప్రపంచంలో అత్యున్నత శిఖరం ఎత్తు లెక్కకు అందింది. ఆ శిఖరానికి ఎవరెస్ట్ పేరు దక్కింది.