లాగ్‌బుక్ లేని మెకానిక్

మన కాలేజీలో ఎవరినైనా ఆపి తొలి విమానం ఎవరు ఎగరేశారని అడగండి, రైట్ సోదరులని టక్కున చెప్తారు. మరి దాని ఇంజిన్ ఎవరు తయారుచేశారు అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్సుకి పని అనుభవాన్ని ఎలా నమోదు చేస్తారో తెలుసుకుంటూ ఉంటే నాకు ఆ పేరు తగిలింది. చార్లీ టేలర్. ఆయన కథ చదివాక లాగ్‌బుక్ అంటే నాకున్న అభిప్రాయమే మారింది.

టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది నెబ్రాస్కాలో. పన్నెండేళ్లకే బడి మానేసి ఒక పత్రికాఫీసులో పనికి కుదిరారు. డిగ్రీ లేదు, డిప్లొమా లేదు. చేతికి మాత్రం యంత్రాల పని బాగా పట్టుబడింది. పెళ్లయ్యాక ఒహాయోలోని డేటన్ ఊరికి మారారు. అక్కడ రైట్ సోదరుల సైకిల్ షాపు ఉండేది. 1901లో గంటకి 30 సెంట్ల జీతం మీద అందులో చేరారు. అన్నదమ్ములు గ్లైడర్ ప్రయోగాలకి కిట్టీ హాక్ వెళ్తే షాపు చూసుకోవడం ఈయన పని.

1902 చివరికి రైట్ సోదరులకి ఇంజిన్ అవసరం పడింది. తేలిగ్గా ఉండాలి, కనీసం 8 హార్స్‌పవర్ ఇవ్వాలి. కంపెనీలకి ఉత్తరాలు రాశారు, పనికొచ్చేది ఎవరి దగ్గరా దొరకలేదు. దాంతో మనమే చేసుకుందాం అనుకున్నారు. టేలర్‌కి అప్పటిదాకా పెట్రోలు ఇంజిన్‌తో ఉన్న పరిచయమల్లా ఒక కారు ఇంజిన్ రిపేరుకి ప్రయత్నించడమే. షాపులో ఉన్నవి ఒక లేత్, ఒక డ్రిల్ ప్రెస్, చేతి పనిముట్లు. పద్ధతి ప్రకారం గీసిన డ్రాయింగులు లేవు. ఏ భాగం గురించి మాట్లాడుకుంటే ఆ భాగాన్ని చిత్తు కాగితం మీద గీసేవాళ్లు. టేలర్ ఆ కాగితాన్ని తన బల్ల పైన గుచ్చుకుని పని మొదలుపెట్టేవారు.

క్రాంక్‌షాఫ్ట్ సంగతి వింటే మన వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తొస్తుంది. సుమారు 45 కిలోల ఉక్కు దిమ్మ తీసుకుని, దాని మీద ఆకారం గీసి, గీత వెంబడి వరసగా రంధ్రాలు వేసి, అక్కర్లేని ముక్కని సుత్తితో, ఉలితో కొట్టేశారు. తర్వాత లేత్ మీద పెట్టి నునుపు చేశారు. చివరికి మిగిలింది 9 కిలోలు కూడా లేదు. మొత్తం ఇంజిన్ ఆరు వారాల్లో తయారైంది. అడిగింది 8 హార్స్‌పవర్, ఇచ్చింది 12. 1903 డిసెంబర్ 17న విమానం ఎగిరిన రోజు టేలర్ అక్కడ లేరు, డేటన్‌లోనే ఉన్నారు.

1908లో ఫోర్ట్ మయర్ దగ్గర ఆర్విల్ నడుపుతున్న విమానం కూలి లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయారు. శకలాల కింద ఉన్నవాళ్లని బయటికి తీసినవాళ్లలో టేలర్ కూడా ఉన్నారు. ప్రొపెల్లర్‌లో వచ్చిన చీలిక ఆ ప్రమాదానికి మొదలు. మెయింటెనెన్స్ పని మీద ఎవరి ప్రాణం ఆధారపడి ఉంటుందో ఆయన కళ్లారా చూశారు. 1911లో కాల్‌బ్రైత్ రాజర్స్ విమానంలో అమెరికాని ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటుతుంటే, కింద రైల్లో వెంట వెళ్లిన మెకానిక్ కూడా ఈయనే. ఆ విమానం దారిలో ఎన్నోసార్లు కూలింది, కూలినప్పుడల్లా మళ్లీ నిలబెట్టారు.

ఆ తర్వాతి కథే నన్ను కుదిపేసింది. 1928లో టేలర్ కాలిఫోర్నియా వెళ్లి, దాచుకున్నదంతా భూమి మీద పెట్టి పోగొట్టుకున్నారు. భార్య చనిపోయింది. బతుకుతెరువు కోసం లాస్ ఏంజెలెస్‌లో ఒక విమానాల ఫ్యాక్టరీలో చేరారు. జీతం గంటకి 37 సెంట్లు. పక్కన పనిచేసేవాళ్లకి ఈయనెవరో తెలీదు. తొలి విమానం ఇంజిన్ చేసిన మనిషి విమానాల ఫ్యాక్టరీలోనే అనామకుడు! రైట్ సోదరుల షాపుని మళ్లీ పాత పద్ధతిలో నిలబెట్టాలనుకున్న హెన్రీ ఫోర్డ్ 1937లో వెతికించి పిలిపించే దాకా ఇదే పరిస్థితి. ఆ షాపులో ఏ యంత్రం ఎక్కడుండేదో టేలర్ జ్ఞాపకంలోంచి తీసి చెప్పాల్సి వచ్చింది. చివర్లో మళ్లీ డబ్బు లేక ధర్మాసుపత్రి వార్డుకి చేరారు. విషయం తెలిసి విమాన పరిశ్రమవాళ్లు చందాలు పోగేసి మంచి వైద్యశాలకి మార్చారు. 1956 జనవరి 30న 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు లాగ్‌బుక్ దగ్గరికి వద్దాం. మన దేశంలో ఈ లైసెన్సు డీజీసీఏ ఇస్తుంది. పరీక్షలు పాసైతే చాలదు, నిజమైన విమానాల మీద ఏళ్ల తరబడి పనిచేసినట్టు చూపించాలి. ఏ తేదీన, ఏ విమానం మీద, దాని రిజిస్ట్రేషన్ ఏంటి, ఏ సిస్టమ్, ఏం పని చేశావ్, ఎవరు దగ్గరుండి చూసి సంతకం పెట్టారు, ఇవన్నీ రాసుకోవాలి. అమెరికాలో మెకానిక్ లైసెన్సులు మొదలైందే 1927లో, అంటే టేలర్ ఇంజిన్ చేసిన 24 ఏళ్లకి. ఇవాళ అక్కడ 50 ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఆయన పేరు మీదే మాస్టర్ మెకానిక్ అవార్డు ఇస్తున్నారు. దానికీ పనిచేసిన ఏళ్లకి రుజువులు జతచేయాలి. టేలరే దరఖాస్తు పెట్టుకుంటే ఆ ఆరు వారాలకి ఏ కాగితం చూపించేవారా అని నాకు అనిపించింది. సంతకం పెట్టిన రికార్డు లేదు. ఉన్నది ఆడిన ఇంజిన్, ఎగిరిన విమానం.

ఆయన దగ్గర పని ఉంది, కాగితం లేదు. మనకి దీనికి తిరగబడ్డ జబ్బు ఉంది. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించేయడం, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కొనేయడం మన చుట్టూ కొత్తేం కాదు. అదే అలవాటు హ్యాంగర్ దాకా పోతే, చేయని పని లాగ్‌బుక్‌లో చేసినట్టు ఉంటుంది. ఆ గీత చూసి తర్వాతి షిఫ్ట్ మనిషి పని పూర్తయిందనుకుంటాడు. ఆ విమానం ఎక్కేవాళ్లకి ఇవేవీ తెలీవు.

మీలో ఎవరైనా ఈ లైసెన్సు వైపు వెళ్తుంటే ఒక్కటే మాట. పని అయిన రోజే రాయండి. చూశారా, సాయం చేశారా, సొంతంగా చేశారా, ఏది నిజమైతే అదే రాయండి. ఐదేళ్ల తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. మన షాపు ఎలా ఉండేదో అడగడానికి ఏ ఫోర్డూ మన ఇంటికి రాడు.