క్రీడారంగం నుండి రణరంగానికి : వాల్టర్ టల్

క్రీడాకారుని ఘనతను సాధారణంగా అతడు సాధించిన గోల్స్‌తోను, గెలుచుకొన్న బహుమతులతోను కొలుస్తారు. ఆ కొలబద్దతో చూస్తే వాల్టర్ టల్ పేరు చరిత్రలో నిలిచే అవకాశం తక్కువ. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రథమశ్రేణి లీగ్‌లో అతడు ఆడినవి 10 ఆటలు, చేసినవి 2 గోల్స్. అయినప్పటికీ అతడు మరణించి నూరేళ్ళు దాటిన తరువాత కూడా ఆ దేశ ప్రజలు అతనిని గౌరవంతో స్మరించుకొంటున్నారు. శరీరవర్ణాన్ని బట్టి మనిషి యోగ్యతను నిర్ణయించే రోజులలో, తన ఆటతోను నడవడితోను ఆ నిర్ణయం తప్పని నిరూపించిన ధీరుడు వాల్టర్ టల్.

ఇంగ్లండ్‌కు ఆగ్నేయ దిక్కున, కెంట్ ప్రాంతంలో ఫోక్‌స్టన్ అనే సముద్రతీర పట్టణం ఉంది. అక్కడ 1888 ఏప్రిల్ 28న వాల్టర్ టల్ జన్మించాడు. తండ్రి డేనియల్ టల్ వడ్రంగి. క్రికెట్ అభిమానులకు సుపరిచితమైన బార్బడోస్ ద్వీపం అతని స్వస్థలం. డేనియల్ తండ్రి ఆ ద్వీపంలోని చెరకు తోటలలో బానిసగా బతికినవాడు. బతుకుతెరువు వెతుక్కొంటూ సముద్రాలు దాటి వచ్చిన డేనియల్, ఫోక్‌స్టన్‌లో స్థిరపడి ఆలిస్ పామర్ అనే ఆంగ్ల యువతిని వివాహమాడాడు. ఆ దంపతుల సంతానంలో ఒకడు వాల్టర్.

ఆ పేద కుటుంబాన్ని కష్టాలు ఒకదాని వెంట ఒకటి చుట్టుముట్టాయి. 1895లో తల్లి మరణించింది. పిల్లల ఆలనాపాలనా కోసం డేనియల్ ఆలిస్ బంధువైన క్లారాను పునర్వివాహం చేసుకొన్నాడు. రెండు సంవత్సరాలు గడిచాయో లేదో, 1897లో తండ్రి కూడా కన్నుమూశాడు. ఇంతమంది పిల్లలను పోషించే స్తోమత ఒంటరిదైన సవతి తల్లికి లేకపోయింది. చేసేది లేక 1898లో ఆమె వాల్టర్‌ను, అతని అన్న ఎడ్వర్డ్‌ను లండన్ నగరంలోని బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టులు నడిపే అనాథ శరణాలయంలో చేర్పించింది. అప్పటికి వాల్టర్‌కు పదేళ్ళు కూడా నిండలేదు.

తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలునికి అన్న ఒక్కడే తోడు. ఆ తోడు కూడా ఎంతోకాలం నిలువలేదు. శరణాలయ గాయక బృందంతో కలిసి ఊరూరా తిరిగి పాడుతున్న ఎడ్వర్డ్‌ను గ్లాస్గో నగరానికి చెందిన వార్నాక్ కుటుంబం 1900లో దత్తత తీసుకొంది. అతడు అక్కడే చదువుకొని దంతవైద్యుడయ్యాడు. వాల్టర్ మాత్రం శరణాలయంలోనే మిగిలిపోయాడు. అన్నదమ్ముల నడుమ దూరం పెరిగిందే కాని అనురాగం తరగలేదు. శరణాలయంలో వాల్టర్ ముద్రణ పని నేర్చుకొన్నాడు, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. మొదటిది అతనికి జీవనోపాధిని చూపగా, రెండవది జీవితాన్నే మలుపు తిప్పింది.

1908లో అతడు లండన్‌లోని క్లాప్టన్ అనే ఔత్సాహిక జట్టులో చేరాడు. ప్రతిఫలం ఆశించకుండా ఆట మీది మక్కువతో ఆడేవారి జట్టు అది. వాల్టర్ చేరిన ఆ ఒక్క క్రీడా సంవత్సరంలోనే క్లాప్టన్ జట్టు జాతీయ ఔత్సాహిక కప్పుతోపాటు లండన్ ప్రాంతపు పోటీలలో మరి రెండు కప్పులను గెలుచుకొంది. కొత్త ఆటగాని నేర్పు పెద్ద జట్ల దృష్టిని ఆకర్షించింది. 1909లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ జట్టు అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలలో పర్యటించినప్పుడు అతనిని వెంట తీసుకొని వెళ్ళింది. ఆ పర్యటన ముగిసే సమయానికి వాల్టర్ టల్ వృత్తి క్రీడాకారుడయ్యాడు.

ఆనాటి వృత్తి క్రీడాకారుల జీవితం నేటి తారల వైభవం వంటిది కాదు. ఎంతటి ఆటగానికైనా వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వరాదని ఫుట్‌బాల్ సంఘం నియమం విధించింది. అయినా అనాథ శరణాలయంలో పెరిగిన యువకునికి అది గౌరవప్రదమైన బతుకే. టాటెన్‌హామ్ జట్టు ఆ ఏడాదే ప్రథమశ్రేణిలోకి అడుగుపెట్టింది. 1909 సెప్టెంబరులో సండర్లాండ్ జట్టుతో జరిగిన పోటీలో టల్ తొలిసారిగా ఆ శ్రేణిలో ఆడాడు. తరువాత కొద్దిరోజులకే వేలాది ప్రేక్షకుల ఎదుట మాంచెస్టర్ యునైటెడ్ జట్టుపై ఆడి ప్రశంసలు అందుకొన్నాడు. ఆనాడు అంతటి స్థాయిలో ఆడుతున్న నల్లజాతి క్రీడాకారులు అత్యంత అరుదు.

1909 అక్టోబరులో టాటెన్‌హామ్ జట్టు బ్రిస్టల్ నగరానికి ఆడటానికి వెళ్ళింది. అక్కడి ప్రేక్షకులలో ఒక వర్గం టల్ వర్ణాన్ని పరిహసిస్తూ అసభ్యమైన దూషణలకు పాల్పడింది. ఎంత నోరు చేసుకొన్నా అతడు సహనం కోల్పోలేదు, తిరిగి ఒక్క మాట అనలేదు. తన ఆట తాను ఆడాడు. ఆ పోటీని చూసిన ఒక పత్రికా విలేఖరి ప్రేక్షకుల ప్రవర్తనను తీవ్రంగా గర్హించాడు. మైదానంలో ముందు వరుసలో ఆడినవారందరిలో టల్ ఉత్తమ క్రీడాకారుడని, అతని నిర్మలమైన ఆటతీరు అందరికీ ఆదర్శమని రాశాడు. ఆ సంఘటన జరిగిన కొద్దికాలానికే టల్ ప్రధాన జట్టులో స్థానం కోల్పోయి ద్వితీయ జట్టుకు పరిమితమయ్యాడు. తప్పు చేసినవారు ప్రేక్షక స్థానాలలో సుఖంగా కూర్చొన్నారు, ఏ తప్పూ చేయనివాడు మైదానానికి దూరమయ్యాడు.

అంతటితో అతని క్రీడాజీవితం ముగిసిపోలేదు. 1911 అక్టోబరులో నార్తాంప్టన్ టౌన్ జట్టు అతనిని తీసుకొంది. ఆ జట్టు నిర్వాహకుడు హెర్బర్ట్ చాప్మన్. అనంతర కాలంలో హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ జట్లను విజయపథాన నడిపి ఫుట్‌బాల్ చరిత్రలో సుప్రసిద్ధుడైన వ్యక్తి అతడే. టల్‌లోని ప్రతిభను చాప్మన్ గుర్తించాడు. ముందు వరుసలో ఆడే టల్‌ను మధ్య వరుసలోనికి మార్చగా, అక్కడ అతని ఆట చక్కగా రాణించింది. నార్తాంప్టన్ తరఫున అతడు 110కి పైగా పోటీలలో ఆడాడు. ఆ పట్టణ ప్రజలు అతనిని తమవానిగా భావించి అభిమానించారు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. యువకులు యుద్ధభూమిలో ప్రాణాలు అర్పిస్తుండగా బలిష్ఠులైన క్రీడాకారులు జీతం తీసుకొని బంతి ఆడటం తగదని విమర్శలు చెలరేగాయి. ఆ సంవత్సరం డిసెంబరులో క్రీడాకారుల కోసం మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌లో ప్రత్యేకంగా ఒక పటాలం ఏర్పాటయింది. నార్తాంప్టన్ జట్టు నుండి అందులో మొట్టమొదట చేరినవాడు టల్. త్వరలోనే అతడు సార్జెంటు పదవికి ఎదిగి 1915 నవంబరులో ఫ్రాన్స్‌కు వెళ్ళాడు. కందకాలలో బురద, చలి, ఎడతెగని ఫిరంగి మోతలు అతని మనస్సును కలచివేశాయి. 1916లో మానసిక వ్యథతో ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకొన్న వెంటనే తిరిగి వెళ్ళి భీకరమైన సోమ్ యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ ఏడాది చివర కందకాల జ్వరం సోకటంతో అతనిని ఇంగ్లండ్‌కు పంపించారు.

ఆరోగ్యం కుదుటపడిన పిమ్మట అతనిని స్కాట్లండ్‌లో అధికారుల శిక్షణకు ఎంపిక చేశారు. ఐరోపా సంతతికి చెందనివారు సైన్యంలో అధికారులు కారాదని ఆనాటి సైనిక నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధనలు అమలులో ఉండగానే 1917 మే 30న టల్ సెకండ్ లెఫ్టినెంటుగా నియమితుడయ్యాడు. బ్రిటిష్ సైన్యంలో అతడే తొలి నల్లజాతి అధికారి అని చాలాకాలం భావించారు. అతనికి ముందు మరికొందరు ఉన్నారని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఏమైనా శ్వేతజాతి సైనికులను యుద్ధరంగంలో ముందుండి నడిపించిన తొలితరం నల్లజాతి అధికారులలో టల్ ఒకడు.

1917 చివర అతని పటాలం ఇటలీకి తరలింది. 1918 ఆరంభంలో ఒక రాత్రి టల్ 26 మంది సైనికులతో పియావె నదిని దాటి శత్రు స్థావరాల మీద దాడి జరిపి, వారిలో ఒక్కరిని కూడా పోగొట్టుకొనకుండా తిరిగి వచ్చాడు. అతని ధైర్యాన్ని, నిబ్బరాన్ని సేనాధిపతి లిఖితపూర్వకంగా ప్రశంసించాడు.

అనంతరం ఆ పటాలం మళ్ళీ ఫ్రాన్స్ చేరింది. 1918 మార్చి 21న జర్మనీ సేనలు ప్రచండమైన దాడిని ప్రారంభించాయి. నాలుగు రోజుల తరువాత, మార్చి 25న, ఫావ్రయ్ గ్రామ సమీపంలో శత్రువుల తూటాకు టల్ నేలకొరిగాడు. అప్పటికి అతని వయస్సు 29 సంవత్సరాలు. లీస్టర్ జట్టు గోల్‌కీపరుగా ఆడిన బిల్లింగ్‌హామ్ అనే సైనికుడు తూటాల వర్షాన్ని లెక్కచేయక అతని దేహాన్ని మోసుకొని రావటానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. టల్‌కు సమాధి లేదు. సమాధి నోచుకోని సుమారు 35,000 మంది వీరుల పేర్లు చెక్కిన అర్రాస్ స్మారకం మీద అతని పేరు కూడా ఉంది. అతడు ధైర్యశాలి అని, పటాలంలో అందరికీ ప్రీతిపాత్రుడని అధికారులు అన్న ఎడ్వర్డ్‌కు లేఖ రాశారు.

కొన్ని దశాబ్దాలపాటు లోకం టల్‌ను మరచిపోయింది. పరిశోధకుల కృషి వలన అతని కథ మళ్ళీ వెలుగులోకి వచ్చింది. 1999లో నార్తాంప్టన్ జట్టు తన మైదానం వెలుపల అతనికి స్మారకం నిర్మించింది. బ్రిస్టల్ మైదానంలో అతనిని దూషించినవారి పేర్లు ఎవరికీ తెలియవు. మౌనంగా ఆడిన టల్ పేరును మాత్రం నేటి ఇంగ్లండ్ పిల్లలు పాఠశాలలలో చదువుకొంటున్నారు. అవమానం ఎదురైనప్పుడు కర్తవ్యాన్ని విడిచిపెట్టనివానిని కాలం ఆలస్యంగానైనా గౌరవిస్తుందని అతని జీవితం తెలియజేస్తున్నది. ఆ గౌరవం అతడు జీవించి ఉండగానే దక్కేటట్లు చూడటం సమాజం బాధ్యత.