సొంత తొడపైనే పరీక్ష చేసుకున్న డాక్టర్!

కీళ్లు అరిగి మంచం పట్టినవాళ్లు కృత్రిమ తుంటితో లేచి నడవడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఆపరేషన్‌కి దారి వేసింది సర్ జాన్ చార్న్‌లీ. 1911లో ఇంగ్లండ్‌లోని బరీలో పుట్టారు. నాన్న మందుల షాపు నడిపేవారు, అమ్మ నర్సు. మాంచెస్టర్‌లో వైద్యం చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేశారు. విరిగిన ఎముకల చికిత్సపై 1950లో పుస్తకం రాశారు.

కిర్రుమన్న కీలు

తుంటిలో ప్లాస్టిక్ బంతి అమర్చిన ఓ రోగి ముందుకు వంగితే చాలు, కిర్రుమని చప్పుడు! అందరూ వింతగా చూసి ఊరుకుంటే, చార్న్‌లీ మాత్రం రాపిడి మీద పరిశోధనకు దిగారు. చిన్న లోహపు బంతి, టెఫ్లాన్ గిన్నె, ఎముకకు పట్టి ఉంచే సిమెంటు... ఇదీ ఆయన డిజైన్. మొదట్లో ఫలితాలు అదిరిపోయాయి. కానీ కొన్నేళ్లకే టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ కండను పాడుచేసింది. అప్పటికే దాదాపు 300 మందికి అమర్చేశారు.

ఆయన తప్పించుకోలేదు. టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని, శరీరం దాన్ని సహించదని తేల్చుకున్నారు. పాడైన కీళ్లను మళ్లీ ఆపరేషన్ చేసి సరిచేసే పని తనే చేపట్టారు.

దారి చూపిన టెక్నీషియన్

1962లో ఓ సేల్స్‌మన్ కొత్త ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. బట్టల మిల్లుల్లో పళ్లచక్రాలకు వాడే రకం అది. చార్న్‌లీ పనికిరాదనేశారు. టెక్నీషియన్ హ్యారీ క్రావెన్ మాత్రం ఆయన ఊళ్లో లేనప్పుడు దాన్ని యంత్రంపై పెట్టేశాడు. వారాలు గడిచినా అరుగుదల దాదాపు లేదు! తిరిగొచ్చిన చార్న్‌లీ పంతానికి పోకుండా ఒప్పుకున్నారు. అదే పాలిథిలిన్. ఆ నవంబరు నుంచే రోగులకు అమర్చడం మొదలైంది.

చీము మీద యుద్ధం

తొలినాళ్లలో దాదాపు 7 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చేది. కృత్రిమ కీలుకి చీము పడితే చాలాసార్లు మొత్తం తీసేయాల్సి వస్తుంది. అందుకే రైటింగ్టన్ ఆసుపత్రిలో శుభ్రమైన గాలి వీచే ప్రత్యేక గది కట్టించారు. సర్జన్ ఊపిరిని బయటికి లాగేసే దుస్తులు తయారుచేయించారు. రేటు 1 శాతం లోపుకి దిగింది.

1977లో సర్ బిరుదు అందుకుని, 1982లో కన్నుమూశారు. డాక్టరై ఉండి వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకున్న మనిషి ఆయన. బయోమెడికల్ ఇంజినీరింగ్ వైపు చూస్తున్నవారు ముందుగా చదవాల్సిన జీవితం ఇది.