లారెన్సు స్పెర్రీ

బొంగరమాడని బాలుడు మన పల్లెలలో ఒకప్పుడు అరుదు. త్రాటిని చుట్టి విసరిన బొంగరము వడిగా తిరుగుచున్నంతవరకు సన్నని మేకుపై నిటారుగ నిలుచును. వేగము తగ్గగానే తూలి ప్రక్కకు ఒరిగిపోవును. అది మంచి వేగముమీద ఉన్నప్పుడు వ్రేలితో మెల్లగ త్రోసినను తన నిలుకడను సులభముగ వీడదు. ఆటలో మనము చూచు ఈ చిన్న విషయమును ఆధారముగ గొని, మానవుని చేయి తాకకుండగనే విమానమును ఆకాశమున తిన్నగ నడిపించిన యువకుడు లారెన్సు స్పెర్రీ. ముప్పదియొక్క ఏండ్లు నిండక మునుపే అతని జీవితము ముగిసెను.

లారెన్సు 1892వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున జన్మించెను. అతని తండ్రి ఎల్మర్ స్పెర్రీ పేరుగన్న యంత్రనిర్మాత. గైరోస్కోపు అను సాధనముపై ఆయన ఏండ్లకొలది పరిశోధనలు సలిపెను. ఎటుపడిన అటు తిరుగగల చట్రములలో అమర్చిన బరువైన చక్రమునకు గైరోస్కోపని పేరు. దానిని బొంగరమునకు పెద్దన్న యనవచ్చును. చట్రమును ఎట్లు వంచినను, లోపల వడిగా తిరుగుచున్న చక్రము తన దిశను మార్చుకొనదు. ఎల్మర్ 1910లో బ్రూక్లినునందు ఒక సంస్థను నెలకొల్పెను. ఆయన చేసిన గైరో దిక్సూచిని 1911లో డెలవేరు అను యుద్ధనౌకపై పరీక్షించిరి.

ఇట్టి ఇంట పెరిగిన బాలునకు యంత్రములే ఆటవస్తువులయ్యెను. తల్లిదండ్రులు ఊరలేని సమయమున లారెన్సు ఇంటిలోనే ఒక విమానమును నిర్మింప మొదలిడెననియు, దానిని వెలుపలికి తెచ్చుటకు కిటికీని ఊడదీయవలసి వచ్చెననియు చెప్పుదురు. తిరిగి వచ్చిన తండ్రి ఏమనెనో గాని, కుమారుని పట్టుదలను మాత్రము అణచలేదు.

ఆ దినములలో విమానము నడుపుట కత్తిమీది సాము. జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియంతాల్ 1896లో తన గ్లైడరు గాలిలో అదుపు తప్పగా నేలగూలి అసువులు బాసెను. రైటు సోదరులు 1903లో ఎగిరిన పిదప కూడ ఈ భయము తీరలేదు. విమానము గాలివాటునకు ఒక రెక్కపై ఒరుగును, ముక్కు ఎత్తును, దించును. నడుపువాడు క్షణక్షణమును దానిని సరిదిద్దుచుండవలెను. కొలది గంటలకే చేతులు సోలును, కన్నులు అలయును. ఒక్క నిమిషము ఏమరినచో ప్రాణమునకే ముప్పు.

ఈ పనిని యంత్రమునకు అప్పగింపవలెనని తండ్రీకొడుకులు తలచిరి. అయితే దారిలో పెద్ద చిక్కు కలదు. ఓడ ఊగిసలాటను తగ్గించుటకు ఎల్మర్ నిర్మించిన గైరోస్కోపులు మిక్కిలి బరువైనవి. అవి తమ బలముచేతనే ఓడను పట్టి నిలుపుచుండెను. అంతటి భారమును ఆనాటి విమానము మోయజాలదు. కావున వారు ఆలోచనను మార్చుకొనిరి. గైరోస్కోపు విమానమును బలిమితో నిలుపనక్కరలేదు. విమానము ఒరిగినదని, ఎంత ఒరిగినదని తెలిపినచో చాలును. ఆ ఎఱుకను అందుకొని మరియొక యంత్రభాగము రెక్కలయందును తోకయందును గల పలకలను కదల్చును. వీచు గాలియే ఆ పలకలపై ఒత్తి విమానమును సరిచేయును. ఇట్లు బరువు మోయు పని గాలిదయ్యెను. కనిపెట్టు పని మాత్రమే చక్రమునకు మిగిలెను. నాలుగు చిన్న గైరోస్కోపులు గల ఆ సాధనము బరువు దాదాపు 40 పౌనులే. నా మట్టుకు స్పెర్రీల పరిశోధనలో ముఖ్యమైన మెట్టు ఇదియే.

1913లో లారెన్సు ప్రసిద్ధ విమాననిర్మాతయగు గ్లెన్ కర్టిస్ చెంత విమానము నడుపుట నేర్చి, తన సాధనమును ఎగురు పడవలపై పరీక్షించెను.

మరుసటి సంవత్సరము ఫ్రాన్సు దేశమున విమానయాన భద్రతను గూర్చి గొప్ప పోటీ జరిగెను. 1914 జూన్ 18వ తేదీన పారిసు సమీపమున సేన్ నది ఒడ్డున జనులు కిక్కిరిసి యుండిరి. లారెన్సు ఎమిల్ కాషాఁ అను మెకానికుతో కూడి నీటినుండి లేచెను. న్యాయనిర్ణేతల ఎదుటికి రాగానే పగ్గములు వదలి రెండు చేతులను పైకెత్తెను. విమానము తొణకక సాగిపోయెను. రెండవమారు వచ్చునప్పటికి కాషాఁ రెక్కపైకి ప్రాకి నిలిచియుండెను. ఒకవైపు బరువు పడుటచే విమానము ఒక క్షణము ఒరిగి, ఎవరో అదృశ్యముగ సవరించినట్లు మరల సమముగ నిలిచెను. చూపరులు దిగ్భ్రాంతులైరి. మూడవమారు లారెన్సు కూడ రెండవ రెక్కపైకి పోయెను. నడుపువాని పీఠము శూన్యము! 50,000 ఫ్రాంకుల బహుమానము ఆ 21 ఏండ్ల యువకునకు లభించెను.

కొలది వారములకే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగెను. పైలటు ప్రాణమును కాపాడుటకు పుట్టిన సాధనము ఇక వేరొక పనికి పిలువబడెను. పైలటు లేకయే ప్రేలుడు మందును మోసికొనిపోయి శత్రువుపై పడు విమానమును నిర్మింపుమని అమెరికా నౌకాదళము స్పెర్రీలను కోరెను. పీటర్ హ్యూయిట్ అను శాస్త్రజ్ఞుడు వారికి తోడ్పడెను. యత్నములు పలుమార్లు విఫలములయ్యెను. యంత్రములు లేవగనే కూలుచుండెను. లోపమెక్కడ నున్నదో తెలిసికొనుటకై లారెన్సు తానే వానియందెక్కి ఎగిరి ప్రమాదముల పాలయ్యెను. తుదకు 1918 మార్చి 6వ తేదీన లాంగ్ ఐలండునందు మనుష్యుడు లేని విమానము లేచి, ముందుగ ఏర్పరచినట్లే 1,000 గజములు పోయి, క్రిందికి దూకెను. అది యుద్ధమున ఉపయోగపడక మునుపే యుద్ధము ముగిసినది. అందులకు సంతోషింపవలసినదే.

మబ్బులలో చిక్కిన పైలటునకు మరియొక గండము కలదు. నేల కానరానప్పుడు దేహము అతనిని మోసపుచ్చును. విమానము గిరగిర తిరుగుచు క్రిందికి దిగుచున్నను తాను తిన్నగ పోవుచున్నట్లే తోచును. విమానము మలుపు తిరుగుచున్నదని సూదితో చూపు గైరోస్కోపు సాధనమును రూపొందించి లారెన్సు ఈ గండమును కూడ చాలవరకు తప్పించెను.

1918లో అతడు చలనచిత్ర నటియగు వినిఫ్రెడ్ ఆలెనును వివాహమాడెను. తన పేర సొంత కర్మాగారమును స్థాపించి మెసెంజర్ అను మిక్కిలి చిన్న విమానములను నిర్మించెను. వానిలో ఒకదానిని 1922లో వాషింగ్టనునందు శాసనసభా భవనము ఎదుటనే దింపెను.

1923 డిసెంబరు 13వ తేదీన లారెన్సు తన మెసెంజరులో ఒంటరిగ ఇంగ్లండునుండి బయలుదేరెను. ఇంగ్లీషు చానలు పెద్ద సముద్రము కాదు. విమానములు దానిని దాటుట అప్పటికి వింతయు కాదు. కాని అతడు ఆవలి యొడ్డు చేరలేదు.  1924 జనవరి 11వ తేదీన అతని దేహము సముద్రమున దొరకెను.

వృద్ధుడైన తండ్రి మరి ఆరేండ్లు జీవించి 1930లో కన్నుమూసెను. ఆయన సంస్థలోని వారు ఆ సాధనమును ఇంకను మెరుగుపరచిరి. 1933లో వైలీ పోస్టు అను ఒంటికంటి వైమానికుడు దాని తోడ్పాటుతో 7 దినముల 18 గంటల 49 నిమిషములలో ఒంటరిగ భూమిని చుట్టివచ్చెను. 1947 సెప్టెంబరు 22వ తేదీన స్పెర్రీ సంస్థ సాధనమును అమర్చిన అమెరికా సైనిక విమానమొకటి న్యూఫౌండ్లాండునుండి లేచి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, ఇంగ్లండులోని బ్రైజ్ నార్టన్ చేరెను. లేచినది మొదలు నేలను తాకువరకు మనుష్యులు దాని పగ్గములను ముట్టలేదు.