ఓడలో చదివిన శాస్త్రము – ప్రశాంతచంద్ర మహలనోబిస్

నేడు మన యిండ్లలోని యువతీయువకులు కళాశాలలో చేరిన మొదటి సంవత్సరముననే సాంఖ్యక శాస్త్ర ప్రవేశ పాఠములను కంప్యూటరు తెరపై చదువుకొనుచున్నారు. ఉపాధ్యాయుడు ఏ నగరముననో ఉండును. విద్యార్థి తన గదిలో కూర్చుండి సగటు, విచలనము, సంభావ్యత అను మాటలతో పెనుగులాడుచుండును. గురువు ఎదుట లేనిదే ఈ శాస్త్రము పట్టుబడునా యని తల్లిదండ్రులు సందేహించుట సహజమే. అయితే మన దేశమున ఈ శాస్త్రమునకు పునాది వేసిన మహనీయుడు దీనిని ఏ తరగతి గదిలోను నేర్చుకొనలేదు.

ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించెను. ఆ నగరమున పేరెన్నికగన్న వైద్యుడు నీలరతన్ సర్కారు ఆయనకు మేనమామ. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రే ప్రభృతుల శిక్షణ పొంది, 1912లో భౌతిక శాస్త్రమున ఆనర్సు పట్టము గైకొనెను. మరుసటి యేడు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించెను. అచ్చట ఆయనకు లభించిన మిత్రులలో శ్రీనివాస రామానుజన్ ఒకడు. చలికి తాళలేక ఓవరుకోటు తొడిగి, శాలువ చుట్టుకొని, పరుపుపైననే నిదురించుచున్న ఆ గణిత మేధావికి, పరుపు అంచులక్రింద మడిచియుంచిన కంబళ్లను తొలగించి వాని లోపల పడుకొనవలెనని చూపించినవాడు మహలనోబిసే. 

1915లో పరీక్ష ప్రథమ శ్రేణిలో ముగిసినది. స్వదేశమునకు ఒకసారి వచ్చి, తిరిగి కేంబ్రిడ్జి చేరి భౌతిక శాస్త్రమున పరిశోధన చేయవలెనని ఆయన సంకల్పము. యుద్ధకాలమగుటచే ఓడ ప్రయాణము ఆలస్యమయ్యెను. ఆ తీరిక దినములలో ఒకనాడు కళాశాల గ్రంథాలయమున ఆయన అధ్యాపకుడు మెకాలే అను నతడు ‘బయోమెట్రికా’ అను పత్రికా సంపుటములను చూపించెను. కార్ల్ పియర్సన్ నడిపిన ఆ పత్రికలో జీవశాస్త్రమునకు గణితమును జోడించిన వ్యాసములుండెను. మహలనోబిస్ ఆ సంపుటములన్నియు కొని వెంట తెచ్చుకొని, సముద్రముపై చదువ నారంభించెను. సందేహము తీర్చువాడు లేడు, పరీక్ష లేదు, పట్టము లేదు. కలకత్తా చేరిన పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక శాస్త్ర బోధన చేపట్టెను. కేంబ్రిడ్జి పరిశోధన మాట అంతటితో సరి.

పుస్తకములో చదివినదానిని వెంటనే చేతిలోని లెక్కకు అన్వయించుట ఆయన పద్ధతి. ప్రవేశ పాఠములు చదువువారికి సూత్రము కంఠస్థమగును గాని అది దేనికో తెలియదు. ఆయనకు ఆ యిబ్బంది కలుగలేదు. విశ్వవిద్యాలయ పరీక్షాఫలితములు మొదలుకొని ఏ అంకెలు దొరకినను వానిని పరిశీలించెను. 1920లో నాగపూరు సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే అధికారి అన్నండేల్ తారసిల్లి, కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల శరీర కొలతలను ఆయన కప్పగించెను. వాని ఫలితముగా 1922లో ఆయన మొదటి సాంఖ్యక వ్యాసము వెలువడెను. రెండు జనసమూహములు పరస్పరము ఎంత దూరమున నున్నవో అనేక లక్షణములను ఒక్కుమ్మడి గైకొని కొలుచు విధానము ఈ కృషినుండియే క్రమముగా పెరిగి 1936లో పూర్ణరూపము దాల్చెను. ‘మహలనోబిస్ దూరము’ అను పేర అది నేటి కంప్యూటరు శాస్త్రమునను నిత్యము వాడుకలో నున్నది.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి గొప్ప వరద వచ్చెను. నదీగర్భము మెరక పడినది గనుక గట్లను మరికొన్ని అడుగులు ఎత్తుచేయవలెనని ఇంజనీర్లు తలంచిరి. మహలనోబిస్ సుమారు 60 ఏండ్ల వర్షపు లెక్కలను, వరద లెక్కలను పరిశీలించి, గర్భము మెరక పడినదనుటకు ఆధారము లేదనియు, వరదకు కారణము ఎగువ ప్రాంతపు అధిక వర్షమేయనియు తేల్చెను. గట్లు పెంచుట కాదు, ఎగువను జలాశయములు కట్టుట మేలని చెప్పెను. కచేరీ బీరువాలలో దుమ్ముపట్టి పడియున్న పట్టికలకు ఇంత పలుకుబడి యున్నదని అప్పటివరకు ఎవరు తలచిరి?

ప్రెసిడెన్సీ కళాశాలలో తన గదినే ఆయన సాంఖ్యక ప్రయోగశాలగా మార్చెను. అందుండియే 1931 డిసెంబరు 17న భారత సాంఖ్యక సంస్థ ఆవిర్భవించెను. 1933లో ‘సాంఖ్య’ అను పత్రిక వెలువడసాగెను. సంస్థలో చేరవచ్చిన వారికిని ఆయన తాను నేర్చిన రీతినే నేర్పెను. జ్యామితిలో పండితుడైన రాజచంద్ర బోసు తనకు ఈ శాస్త్రము రాదని చెప్పగా, పాత ‘బయోమెట్రికా’ సంపుటములు, చదువవలసిన వ్యాసముల పట్టిక, ఫిషర్ గ్రంథము చేతికిచ్చి చదువుకొమ్మనెను. ఆ బోసే తరువాత ప్రపంచ ప్రఖ్యాతుడయ్యెను. హూవిన హడగళిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము అభ్యసించిన మన సి. ఆర్. రావుగారు ఉద్యోగార్థియై కలకత్తా వచ్చి, ఈ సంస్థ పేరు విని, 1941లో శిక్షణకై చేరిరి. ఆ యేడే కలకత్తా విశ్వవిద్యాలయమున సాంఖ్యక శాస్త్ర ఎం. ఏ. తరగతి ప్రారంభమయ్యెను, రావుగారు ఆ తొలి విద్యార్థులలో నొకరు.

ప్రభుత్వోద్యోగులమైన మనకు ముఖ్యముగా తెలియదగినది బెంగాలు జనపనార పంట కథ. పంట యెంతయో తెలియుటకు ప్రతి పొలమును లెక్కించుట పాత పద్ధతి. కొన్ని పొలములనే చూచి మొత్తము చెప్పవచ్చునని మహలనోబిస్ వాదించెను. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన గృహిణులు ఎరుగుదురు. కాని కుండలోని మెతుకులన్నియు ఒకే నిప్పుపై ఉడికినవి. బెంగాలు పొలములు అట్టివి కావు. అందుచే దారి ప్రక్కనున్న పొలమును, రైతు మెచ్చి చూపిన పొలమును గాక, చీటి వేసినట్లు యాదృచ్ఛికముగా ఎన్నుకొనవలెను. ఒకే ప్రాంతమును రెండు జట్లకు వేర్వేరుగా అప్పగించి, వారి అంకెలను సరిపోల్చవలెను. అవి కలియనిచో పొరపాటు ఎచ్చటనో ఉన్నదన్నమాట. 1937లో ఆరంభమైన ఈ పరిశీలన 1941 నాటికి రాష్ట్రమంతటికి విస్తరించెను. ఆ యేడు ప్రతి పొలమును లెక్కించిన సర్కారీ అంకె వ్యాపారుల అంకెకంటె చాల తక్కువగా తేలగా, నమూనా అంకె దానికి మిక్కిలి చేరువగా వచ్చెను. అన్నిటిని లెక్కించిన లెక్కయే నిజమను నమ్మకము సడలిపోయెను. తర్ఫీదు లేని వేలమంది తొందరగా వ్రాసిన అంకెలకంటె, తర్ఫీదు పొందిన కొలదిమంది శ్రద్ధతో వ్రాసినవి మేలని తేలెను. ఖర్చు మాటయా, ఎంతో తక్కువ.

1945లో ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1949లో కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ సాంఖ్యక సలహాదారయ్యెను. 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమయ్యెను. పరిశోధకులు పల్లెపల్లెకు పోయి కుటుంబముల ఖర్చులు అడిగి వ్రాసికొనిరి. కొలతలే ఊరూరికి వేరు. కుంచమన్న ఎంతయో మన తెలుగు పల్లెలలోనే ఏకాభిప్రాయము లేదు గదా! అట్టి చిక్కులన్నియు విప్పుకొనుచు, దారిద్ర్యమును గూర్చిన చర్చకు ఆధారమైన అంకెలను సమకూర్చిన ఆ క్షేత్రోద్యోగుల పేర్లు ఏ చరిత్రలోను కానరావు.

1955 మొదలు 1967 వరకు ఆయన ప్రణాళికా సంఘముతో సంబంధము కలిగియుండెను. రెండవ పంచవర్ష ప్రణాళికలో భారీ పరిశ్రమలకు ప్రాధాన్య మిచ్చినది ఆయన నమూనాయే. వ్యవసాయమును, నిత్యావసర వస్తువులను అది చిన్నచూపు చూచెనను విమర్శలో నిజము లేకపోలేదు. పంట అంకెలను అంత శంకతో పరీక్షించినవాడు తన ప్రణాళికా సూత్రమును అంత శంకతో పరీక్షించెనా యని అడుగవచ్చును. స్వభావముచేత కూడ ఆయన మెత్తనివాడు కాదు. సంస్థ పగ్గములు చివరివరకు ఆయన చేతిలోనే ఉండెను.

1959లో పార్లమెంటు శాసనము ద్వారా సంస్థ జాతీయ ప్రాముఖ్యము గలదిగా గుర్తింపబడి, పట్టములొసగు అధికారము పొందెను. 1968లో ఆయనకు పద్మవిభూషణ బిరుద మీయబడెను. 1970లో జాతీయ నమూనా సర్వేకు ప్రత్యేక ప్రభుత్వ సంస్థ నేర్పరచుటతో, తాను పెంచిన ఆ కార్యము తన సంస్థనుండి వేరగుట ఆయన కన్నులారా చూచెను. 79 ఏండ్లు నిండుటకు ఒక్క దినము ముందుగా, 1972 జూన్ 28న కలకత్తాలో కాలధర్మము చెందెను. ఆయన అనంతరము సంస్థ నిర్వహణభారము సి. ఆర్. రావుగారిపై పడెను.